రెండు మోకాళ్ళ మధ్యకు చేరిన డ్రమ్ము

మన సభల్లో సాయంత్రం పాటల కార్యక్రమం మొదలయ్యే ముందు ఒక అరగంట వేదిక మీద హడావుడి ఉంటుంది. మైకులవాళ్ళు "చెక్, చెక్" అంటూంటారు. మెడలో బ్యాడ్జీలు వేసుకున్న కార్యకర్తలు ఇటూ అటూ పరుగులు పెడుతుంటారు. ఈ సందడిలో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకడు వెనకాల మూల ఉంటాడు: డ్రమ్స్ అమర్చుకుంటున్న కుర్రాడు. ఈసారి వీలైతే అతన్ని కాసేపు గమనించండి. పెద్ద డ్రమ్ము, తాళాలు, మిగతా సరంజామా అంతా చకచకా పెట్టేస్తాడు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని, తన రెండు మోకాళ్ళ మధ్య ఉన్న ఒక చిన్న డ్రమ్మును పట్టుకుంటాడు. ఒక అంగుళం పైకెత్తుతాడు. నాలుగు దెబ్బలు వేస్తాడు. పెదవి విరుస్తాడు. అర అంగుళం దించి, కాస్త తన వైపుకు వంచి, మళ్ళీ నాలుగు దెబ్బలు వేస్తాడు. మిగతావన్నీ పెట్టడానికి పట్టినంత సమయం ఆ ఒక్కదానికే పడుతుంది.

దాని పేరు స్నేర్ డ్రమ్. అది అక్కడ, ఆ ఎత్తులో, ఆ వంపుతో ఎందుకుంటుంది? "ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదండీ" అంటారు చాలామంది. ఉండేది కాదు. నాలుగైదు వందల ఏళ్ళ పాటు అది సిపాయి తొడ పక్కన వేలాడింది. తర్వాత కొన్నాళ్ళు నాటకశాలలో కుర్చీ ఎక్కింది. మోకాళ్ళ మధ్యకు వచ్చి నూరేళ్ళు దాటింది, అంతే. ఆ ప్రయాణంలో యుద్ధాలున్నాయి, బానిసత్వం ఉంది, జీతాల బేరాలున్నాయి, పేటెంట్లున్నాయి. సంగీత శాస్త్రం నాకు తెలిసింది తక్కువ. కానీ ఒక వస్తువు ఇప్పుడున్న ఆకారంలోకి ఎలా వచ్చిందన్నది ఇంజనీర్లకు సహజంగానే ఆసక్తి కలిగించే విషయం.

ముందు ఆ డ్రమ్ము సంగతి. సాధారణంగా 14 అంగుళాల వ్యాసం, 5 నుంచి ఆరున్నర అంగుళాల లోతు. పైన ఒక ముఖం, కింద ఒక ముఖం. కింది ముఖం చాలా పలచన. దానికి ఆనించి ఇరవై దాకా సన్నని ఉక్కు తీగల చుట్లు బిగించి ఉంటాయి. పైన దెబ్బ పడగానే లోపలి గాలి కింది ముఖాన్ని నెడుతుంది, అది తీగల్ని తంతుంది, తీగలు తిరిగి ముఖానికి కొట్టుకుంటాయి. ఆ చరచర శబ్దమే స్నేర్. పూర్వం ఉక్కు తీగల బదులు గొర్రె, మేక పేగులతో పేనిన తాళ్ళు వాడేవారు. పక్కన ఒక మీట ఉంటుంది. అది వదులు చేస్తే తీగలు దూరం జరిగి, మామూలు డోలు లాంటి మోత మిగులుతుంది.

ఇది మనకు కొత్త వాయిద్యమేమీ కాదు. మనలో చాలామంది దీన్ని మొదట చూసింది డ్రమ్ సెట్‌లో కాదు, స్కూల్లో ఆగస్టు 15 కవాతులోనో, ఎన్‌సీసీ పెరేడ్‌లోనో, పెళ్ళి ఊరేగింపు బ్యాండు మేళంలోనో. బ్రిటిష్ సైన్యంతో మన దేశానికి వచ్చిన ఈ డ్రమ్మును అక్కడ సైడ్ డ్రమ్ అంటారు. పక్కకు వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. బ్యాండు మేళంలో దాన్ని పట్టీతో తగిలించుకున్న మనిషిని ఒకసారి గుర్తు చేసుకోండి. డ్రమ్ము సమంగా ఉండదు, ఒక పక్కకు వాలి ఉంటుంది. మన కథంతా ఆ వాలులోనే ఉంది.

పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఐరోపాలో స్విట్జర్లాండు కాల్బలానికి గొప్ప పేరు. వాళ్ళు బల్లేలు పట్టుకుని ఒక్క అడుగులా కదిలేవారు. అంతమందిని ఒకే అడుగులో నడిపించడానికి పిల్లనగ్రోవి లాంటి ఫైఫ్, దానికి తోడు డ్రమ్ము. చూసి మిగతా సైన్యాలూ నేర్చుకున్నాయి. 1589లో ఫ్రాన్సులో త్వానో అర్బో అనే మతాచార్యుడు నాట్యం గురించి రాసిన పుస్తకంలో సైనికుల డ్రమ్ము దెబ్బల్ని కూడా అడుగుల లెక్కతో సహా వివరించాడు. అప్పటికే అది ఒక శాస్త్రమన్నమాట.

ఇప్పుడు ఆ వాయించేవాడి ఇబ్బంది చూడండి. అతను నడవాలి, ఒక్కోసారి పరిగెత్తాలి. పెద్ద డ్రమ్మును పొట్టకు ఎదురుగా కట్టుకుంటే మోకాళ్ళు తగులుతాయి. అందుకని కుడి భుజం మీదుగా పట్టీ వేసి, డ్రమ్మును ఎడమ తొడ పక్కకు జార్చారు. అలా వేలాడేసరికి డ్రమ్ము ముఖం కుడి పక్కకు వాలింది, ఎడమ వైపు అంచు పైకి లేచింది. కుడి చేతికి ఏ కష్టమూ లేదు, సుత్తి పట్టుకున్నట్టు అరచెయ్యి కిందికి పెట్టి పుల్ల పట్టుకోవచ్చు. ఎడమ చెయ్యి మాత్రం ఆ లేచిన అంచును దాటి రావాలి. అలాగే పట్టుకుంటే మోచెయ్యి రెక్కలా గాలిలోకి లేపాల్సిందే. మైళ్ళ కొద్దీ అలా నడవడం ఎవరి వల్లా కాదు. అందుకని ఎడమ అరచేతిని పైకి తిప్పి, బొటనవేలు, చూపుడువేలు మధ్య సందులో పుల్లను పడుకోబెట్టి, కింద ఉంగరంవేలి మీద ఆనించి, మణికట్టును తిప్పుతూ కొట్టడం అలవాటు చేసుకున్నారు. ఈనాటికీ దాన్ని ట్రెడిషనల్ గ్రిప్ అంటారు. రెండు చేతులకు రెండు పద్ధతులు!

మన డప్పు వాయించేవాళ్ళను చూసిన వారికి ఇందులో వింతేమీ కనిపించదు. డప్పు కూడా భుజానికి తగిలించుకునేదే. ఒక చేతిలో పొట్టి సిర్ర, మరో చేతిలో సన్నని పొడుగాటి పుల్ల. రెండు చేతులూ ఒకే పని చెయ్యవు, చెయ్యాలని ఎవరూ అనుకోరు. వాయిద్యం ఒంటి మీద ఎక్కడ వేలాడుతుందన్నదే చేతుల పని నిర్ణయిస్తుంది.

సైన్యంలో డ్రమ్ము కేవలం అడుగు కోసం కాదు. లేవాలా, భోజనానికి రావాలా, ముందుకు ఉరకాలా, వెనక్కి తగ్గాలా, ప్రతి దానికీ ఒక దెబ్బ. మందుగుండు మోతలో మనిషి గొంతు వినబడదు కాబట్టి ఆజ్ఞలన్నీ డ్రమ్ము మీదే. అమెరికాలో 1812లో చార్లెస్ స్టూవర్ట్ ఆష్‌వర్త్ ఈ దెబ్బలన్నిటినీ ఒక పుస్తకంగా వేశాడు. వాటిల్లో మూల పాఠాలను రూడిమెంట్స్ అంటారు, మన సరళీ స్వరాల్లాంటివి అనుకోండి. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు కూడా ఈ డ్రమ్ములు మోసుకుని యుద్ధరంగంలో నడిచారు.

ఇక్కడిదాకా చాలా పుస్తకాల్లో ఉంటుంది. కానీ ఈ కథకు రెండో పాయ ఒకటుంది. అది చెప్పకపోతే మోకాళ్ళ మధ్యకు వచ్చిన సంగతి సగమే చెప్పినట్టు.

1739 సెప్టెంబరులో దక్షిణ కెరొలైనాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డ్రమ్ములు కొడుతూ, జెండాలు పట్టుకుని నడిచారు. డ్రమ్ము మోత విని దారిలో ఇంకా మంది వచ్చి కలిశారు. తిరుగుబాటును అణిచేశాక 1740లో అక్కడి ప్రభుత్వం చేసిన చట్టంలో బానిసలు డ్రమ్ములు, కొమ్ములు, పెద్ద శబ్దం చేసే వాయిద్యాలు ఉంచుకోకూడదని రాశారు. తెల్ల సైన్యానికి డ్రమ్ము ఆజ్ఞలిచ్చే సాధనమైనట్టే నల్లవాళ్ళకూ అవుతుందని పాలకులకు బాగా తెలుసు.

లూసియానాలోని న్యూ ఆర్లియన్స్‌లో పరిస్థితి కొంచెం వేరు. ఆదివారం పూట బానిసలు ఒకచోట చేరి ఆడుకోవడం, పాడుకోవడం అక్కడ పాత ఆచారం. 1817లో నగర పాలకులు ఆ గుంపులన్నీ ఒకే స్థలంలో చేరాలని ఆంక్ష పెట్టారు. ఆ స్థలమే కాంగో స్క్వేర్. 1819 ఫిబ్రవరిలో బెంజమిన్ లాట్రోబ్ అటు వెళ్ళాడు. వాషింగ్టన్‌లో మనం పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు దిగే కాపిటల్ భవనం కట్టిన వాస్తుశిల్పుల్లో ఆయనొకడు. తన దినచర్య పుస్తకంలో అక్కడి వాయిద్యాల బొమ్మలు గీసి మరీ రాసుకున్నాడు. ఒక ముసలాయన గుండ్రని డ్రమ్మును పడుకోబెట్టి, దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని చేతులతో వాయిస్తున్నాడట. ఇంకొకాయన డ్రమ్మును రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని వాయిస్తున్నాడట.

మోకాళ్ళ మధ్య! ఈనాటి డ్రమ్ సెట్ అక్కడి నుంచి నేరుగా దిగివచ్చిందని నేననను. అలా చెబితే తప్పవుతుంది. కానీ ఒక తేడా గమనించాలి. ఐరోపా నుంచి వచ్చిన డ్రమ్ము నడిచే మనిషిది. కాంగో స్క్వేర్‌లో డ్రమ్ము కూర్చున్న మనిషిది, ఒంటికి దగ్గరగా, కాళ్ళ మధ్యన పెట్టుకునేది. ఈ రెండు అలవాట్లూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. ఆ ఊరి నల్ల వాయిద్యకారుల చేతుల్లోనే తర్వాతి మలుపు జరిగింది.

అంతర్యుద్ధం తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో ఇత్తడి బ్యాండ్లు వీధి వీధినా పుట్టాయి. పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు, శవయాత్రలకు కూడా. మన బ్యాండు మేళం చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఈ బ్యాండులో డ్రమ్ములవాళ్ళు ఇద్దరు. ఒకరిది స్నేర్, ఒకరిది పెద్ద బేస్ డ్రమ్ము, దాని నెత్తిన ఒక చిన్న తాళం. వీధిలో ఇద్దరున్నా ఫరవాలేదు. అదే బ్యాండు రాత్రి డ్యాన్సు హాల్లోకి వస్తే స్థలం చాలదు. పైగా హాలు యజమాని ఇద్దరికి డబ్బులెందుకివ్వాలి అంటాడు. నాటకశాలల్లో వేదిక ముందు గోతిలో కూర్చునే వాద్యబృందానికీ ఇదే సమస్య.

అలా ఇద్దరి పని ఒక్కడి మీద పడింది. ఆఫీసుల్లో పని చేసేవాళ్ళకు ఈ పద్ధతి పరిచయమే! దీనికి డబుల్ డ్రమ్మింగ్ అని పేరు పెట్టారు. బేస్ డ్రమ్మును పక్కన నేల మీద నిలబెట్టి, స్నేర్‌ను ఒక మామూలు కుర్చీ మీద పెట్టి, చేతిలో పుల్లతోనే బేస్ మీద ఒక దెబ్బ, వెంటనే స్నేర్ మీద దెబ్బలు. కుడి చెయ్యి పరుగెత్తుతూ ఉండాలి. అంత దూరం చెయ్యి చాపనక్కర్లేకుండా స్నేర్‌ను బేస్ దగ్గరకు జరిపి, బాగా ఏటవాలుగా పెట్టుకునేవారు. ఎడమ చేతి పట్టు మాత్రం సిపాయిదే. భుజం మీద పట్టీ పోయింది, వాలు పోలేదు.

కాలు ఖాళీగా ఉంది కదా అన్న ఆలోచన ఎవరికి ముందు వచ్చిందో ఒక్క పేరు చెప్పడం కష్టం, ఎందుకంటే చాలామంది చాలాచోట్ల ప్రయత్నించారు. వాళ్ళలో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన నల్లజాతి డ్రమ్మర్ ఎడ్వర్డ్ 'డీ డీ' చాండ్లర్ ఒకడు. 1890లలో జాన్ రోబిషో వాద్యబృందంలో వాయిస్తూ, చెక్కతో తనంతట తానే ఒక కాలి పెడల్ తయారు చేసుకుని బేస్ డ్రమ్ముకు తగిలించాడు. పేటెంటు లేదు, కంపెనీ లేదు.

ఇదే సమయంలో ఇండియానాపొలిస్‌లో యులిసిస్ లీడీ అనే వాయిద్యకారుడు 1898 ప్రాంతంలో ఎత్తు, వంపు మార్చుకోగలిగే స్నేర్ స్టాండు చేశాడు. మూడు కాళ్ళు, పైన డ్రమ్మును పట్టుకునే మూడు చేతులు. చూడ్డానికి చిన్న వస్తువే, కానీ నా లెక్కలో ఈ కథ మొత్తానికి అసలు మలుపు ఇదే. అంతవరకు డ్రమ్ము మనిషి భుజం ఎలా ఉంటే అలా, కుర్చీ ఎలా ఉంటే అలా ఉండాల్సి వచ్చింది. మొదటిసారిగా మనిషి తనకు కావలసిన చోట దాన్ని నిలబెట్టగలిగాడు. లీడీ సొంత కంపెనీ పెట్టి వాటిని అమ్మాడు.

1909లో మూడో పేరు వస్తుంది: విలియం లుడ్విగ్. జర్మనీ నుంచి షికాగోకు వలస వచ్చిన కుటుంబం. నాటకశాలల్లో డ్రమ్ములు వాయించేవాడు. అప్పుడు ర్యాగ్‌టైమ్ పాటల జోరు. ఉన్న పెడళ్ళు ఆ వేగాన్ని అందుకోలేకపోతున్నాయని తనే చిన్నదిగా, చురుకుగా తిరిగే పెడల్ తయారు చేశాడు. తమ్ముడు థియోబాల్డ్‌తో కలిసి కంపెనీ పెట్టాడు, పేటెంటు తీసుకున్నాడు. అది ఎంత బాగా అమ్ముడుపోయిందంటే, డ్రమ్ పెడల్ అనగానే ఇప్పటికీ లుడ్విగ్ పేరే చెబుతారు. లుడ్విగ్ ప్రతిభను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవాళ్ళకు పేటెంటు ఉన్నవాడికీ ముందు చేసినవాడికీ తేడా తెలుసు. చాండ్లర్ పేరు ఇంకొంచెం గట్టిగా వినబడాలి.

ఈ స్టాండు, ఈ పెడల్ కలిసి చేసిన పనేమిటి? కుడికాలు పెడల్ మీద ఉండాలంటే మనిషి కూర్చోవాలి. కూర్చున్నాక బేస్ డ్రమ్ము పక్కన కాదు, కుడికాలి ఎదురుగా ఉండాలి. ఎడమకాలు ఎడంగా జరుగుతుంది. అప్పుడు రెండు చేతులూ సులువుగా కలిసే చోటు ఏది? ఒడికి ఎదురుగా, మోకాళ్ళ మధ్య. స్నేర్ అక్కడికి వచ్చి కూర్చుంది. ఎవరూ గీతలు గీసి నిర్ణయించలేదు. కాళ్ళకు పని దొరికింది, చేతులు వాటి మధ్య స్థిరపడ్డాయి.

న్యూ ఆర్లియన్స్ నుంచి షికాగో వెళ్ళిన వారెన్ 'బేబీ' డాడ్స్ ఈ కొత్త అమరికకు తొలి గొప్ప వాయిద్యకారుల్లో ఒకడు. 1923లో కింగ్ ఆలివర్ బృందంతో, యువకుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన రికార్డింగులకు వెళ్ళాడు. అప్పటి రికార్డింగు యంత్రం పెద్ద డ్రమ్ముల దెబ్బ తట్టుకోలేదు, అందుకని చెక్క దిమ్మెల మీద వాయించాల్సి వచ్చింది. ఆ కాలపు డ్రమ్మర్లు అసలెలా వాయించేవారో పాత రికార్డులు విని తెలుసుకోలేకపోవడానికి కారణమిదే. అదృష్టవశాత్తు 1946లో ఆయనతో మాట్లాడించి, వాయించి చూపించమని రికార్డు చేశారు.

ఎడమకాలు ఇంకా ఖాళీగానే ఉంది. 1920లలో రెండు తాళాలను నేలకు దగ్గరగా ఒకదానికొకటి కొట్టే పెడల్ వచ్చింది. ఆ దశకం చివరికి వాటి గొట్టం పొడుగై, తాళాలు నడుం ఎత్తుకు లేచాయి. అదే హై హ్యాట్. ఇప్పుడు చేతులతో కూడా దాన్ని వాయించొచ్చు. కౌంట్ బేసీ బృందంలో జో జోన్స్ 1930లలో తాళం నడకంతా దాని మీదికి మార్చేశాడు. ఇక్కడే స్నేర్‌కు కొత్త చిక్కు వచ్చింది. హై హ్యాట్ ఎడమ పక్కన ఉంటుంది, దాన్ని కొట్టేది కుడి చెయ్యి. అంటే కుడి చెయ్యి ఎడమ చేతి మీదుగా అడ్డంగా వెళ్ళాలి. ఆ రెండు చేతులూ కొట్టుకోకుండా ఉండాలంటే కింద స్నేర్, పైన హై హ్యాట్, మధ్యలో ఎడమ చెయ్యి లేచి పడడానికి చోటు, అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. స్నేర్‌ను ఇష్టమొచ్చినంత ఎత్తు లేపే స్వేచ్ఛ అప్పటితో పోయింది.

1927లో 'ది జాజ్ సింగర్'తో మాటల సినిమా వచ్చి, మూకీ సినిమాలకు వాయించే వాళ్ళ ఉద్యోగాలు పోయాయి. డ్రమ్మర్లు డ్యాన్సు బృందాల వైపు మళ్ళారు. 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో బెన్నీ గుడ్‌మన్ బృందంతో జీన్ క్రూపా వాయించేనాటికి డ్రమ్మర్ వెనక మూల మనిషి కాదు, జనం చూడవచ్చే మనిషి. ఆయన ఫొటోలు చూడండి. స్టాండు ఉంది, కుర్చీ ఉంది, నడిచే పని లేదు. అయినా ఎడమ చెయ్యి సిపాయి పట్టే పట్టుకుంది. ఆ చేతికి అనువుగా స్నేర్ కుడి వైపుకు వాలే ఉంది. మా భాషలో దీన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటాం. హార్డ్‌వేర్ మారింది, పాత ప్రోగ్రామ్ అలాగే నడవాలి, కాబట్టి కొత్త హార్డ్‌వేర్‌నే పాతదానిలా వంచాలి. క్రూపా తరం వాళ్ళందరి చేతుల్లోనూ రూడిమెంట్స్ ఉన్నాయి. 1933లో షికాగోలో కూడిన డ్రమ్మర్లు సంఘంగా ఏర్పడి 13 రూడిమెంట్స్‌ను తప్పనిసరి పాఠాలుగా నిర్ణయించారు కూడా. ఆ పాఠాలన్నీ వాలిన డ్రమ్ము మీద పుట్టినవే.

1940లలో కెన్నీ క్లార్క్ వంటివారు తాళం నడకను కుడి వైపున్న పెద్ద సింబల్ మీదికి మార్చారు. దాంతో ఎడమ చెయ్యి స్నేర్ మీద స్వేచ్ఛగా మాట్లాడడం మొదలుపెట్టింది. అంతవరకు నడక చెప్పిన డ్రమ్ము ఇప్పుడు పాటగాడి మాటకు మాట జవాబు చెబుతోంది.

ఆ వాలును తీసేసింది ఎవరు? ఒక్కరే అనడం న్యాయం కాదు గానీ, అమెరికా పిల్లలకు కొత్త పద్ధతి కళ్ళకు కట్టిన రోజు మాత్రం 1964 ఫిబ్రవరి 9. ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో బీటిల్స్ వచ్చారు. సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఎత్తైన అరుగు మీద రింగో స్టార్. రెండు అరచేతులూ కిందికే, రెండు పుల్లలూ ఒకే పట్టు. దీన్ని మ్యాచ్‌డ్ గ్రిప్ అంటారు. కొత్తదేమీ కాదు, టింపనీ, జైలోఫోన్ వాయించేవాళ్ళు ఎప్పటి నుంచో అలాగే పట్టుకునేవారు. కానీ డ్రమ్ సెట్ మీద అంతమంది ఒక్కసారిగా చూడడం అప్పుడే. మర్నాటి నుంచి డ్రమ్ములు కొనిపెట్టమని ఇళ్ళల్లో గొడవ మొదలైంది. ఆ పిల్లలకు సిపాయి పాఠాలు తెలియవు, తెలుసుకోవాలని లేదు.

రింగోది నిజానికి ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నాయనమ్మ పట్టుబట్టి కుడిచేత్తో రాయించిందని ఆయనే చెప్పుకున్నాడు. (మన నాయనమ్మలు కూడా ఏమీ తక్కువ తినలేదు!) కుడిచేతి వాటం వాళ్ళ అమరిక మీదే కూర్చుని ఎడమచేతి వాటంతో వాయించడం వల్ల ఆయన దెబ్బలు కొన్ని ఎదురు దిశలో నడుస్తాయి. ఆ వాయింపును అనుకరించడం అందుకే కష్టం.

రెండు చేతులూ ఒకేలా పట్టుకుంటే ఎడమ అంచు లేచి ఉండాల్సిన పని లేదు. స్నేర్ సమంగా పరుచుకుంది. ఆ తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ల మోత పెరిగింది. దాన్ని దాటి వినబడాలంటే రిమ్‌షాట్ కావాలి, అంటే పుల్ల కొన ముఖం మధ్యలో, పుల్ల నడుము ఇనుప అంచు మీద, రెండూ ఒక్క క్షణంలోనే తగలాలి. తుపాకీ పేలినట్టుంటుంది. ఇది కుదరాలంటే డ్రమ్ము ఎత్తు, వంపు ముంజేతి కోణానికి సరిపోవాలి. డ్రమ్ము మరీ ఎత్తుగా ఉంటే దెబ్బంతా అంచు మీదే పడుతుంది. మరీ తక్కువైతే చేతులు తొడలకు తగులుతాయి. అందుకని కొందరు రాక్ వాయిద్యకారులు కొంచెం తమ వైపుకే వంచుకుంటారు. సిపాయి కాలం నుంచి పక్కకు వాలిన డ్రమ్ము మనిషి వైపుకు తిరగడానికి ఇన్ని వందల ఏళ్ళు పట్టింది.

పాత పట్టు చచ్చిపోయిందనుకోకండి. రోలింగ్ స్టోన్స్ బృందంలో చార్లీ వాట్స్ 2021లో కన్నుమూసేదాకా పాత పట్టే. 'ది పోలీస్' బృందం స్టూవర్ట్ కోప్‌లండ్‌దీ అదే. ఇంకోపక్క మహావిష్ణు ఆర్కెస్ట్రాలో పేరు తెచ్చుకున్న బిల్లీ కోభమ్ అసలు చేతులు అడ్డం వెయ్యడమే ఎందుకని, ఎడమ పక్కనున్న హై హ్యాట్‌ను ఎడమ చేత్తోనే వాయించాడు. కుడి చెయ్యి స్నేర్‌కు. ఆ పాత చిక్కుముడిని అలా పక్కకు నెట్టాడు. ఏ పట్టు గొప్పదని డ్రమ్మర్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. నాకు మాత్రం మ్యాచ్‌డ్ గ్రిప్పే తర్కానికి నిలుస్తుంది. అయినా పాత పట్టుతో జాజ్ వాయించేవాడి ఎడమ మణికట్టు చూస్తుంటే తర్కం మరిచిపోతాం.

పిల్లలకు ఇంట్లో డ్రమ్ సెట్ కొన్న తల్లిదండ్రులకు ఒక మాట. చాలా ఇళ్ళల్లో పెట్టె విప్పి, బొమ్మలో చూపించినట్టు బేస్ డ్రమ్మును కార్పెట్ మధ్యలో పెట్టి, మిగతావి దాని చుట్టూ అమర్చి, చివర్లో పిల్లవాణ్ణి కూర్చోబెడతారు. పిల్లవాడు వాటికి తగ్గట్టు ఒళ్ళు వంచుకుంటాడు, నెల తిరక్కుండా మణికట్టు నొప్పి అంటాడు. కీబోర్డు ఎత్తు గురించి ఆఫీసులో మనకు పాఠాలు చెబుతారే, ఇదీ అంతే. చరిత్ర నడిచిన వరసలోనే అమర్చాలి: ముందు మనిషి, తర్వాత కాళ్ళు, ఆ తర్వాతే స్నేర్. స్టూలు మీద కూర్చుంటే తొడలు మోకాళ్ళ వైపు కొంచెం కిందికి వాలాలి. కుడి పాదం సహజంగా ఎటు చూస్తే పెడల్, బేస్ డ్రమ్ము అటు. ఎడమ పాదం కింద హై హ్యాట్. మిగిలిన సందులో స్నేర్, ముఖం మధ్యభాగం బొడ్డుకు సూటిగా. మోచేతులు పక్కటెముకల దగ్గర వదులుగా ఉంచి పుల్లలు దించితే కొనలు తమంతట తామే మధ్యలో పడాలి. పడకపోతే స్టాండు మార్చాలి, మనిషిని కాదు. సాధారణంగా అంచు తొడల కంటే రెండు, మూడు అంగుళాల పైన ఉంటే చాలామందికి కుదురుతుంది. తీగల మీట ఎడమ చేతికి అందేలా తిప్పుకోవాలి. పిల్లలు ఎదుగుతారు కాబట్టి ఆరు నెలలకోసారి మళ్ళీ చూసుకోవాలి. ఎడమచేతి వాటం పిల్లలకు అద్దంలో చూసినట్టు అంతా తిప్పి పెట్టడంలో తప్పేమీ లేదు.

మన పిల్లలు చాలామంది ఇక్కడి హైస్కూలు మార్చింగ్ బ్యాండ్లలో చేరుతున్నారు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆట విరామంలో వాళ్ళ డ్రమ్‌లైన్ వచ్చినప్పుడు స్నేర్ వాయించే వరసను చూడండి. ఇప్పుడు భుజం పట్టీలు లేవు. రెండు భుజాలకూ తొడుక్కునే లోహపు చట్రం ఉంటుంది, డ్రమ్ము దానికి ముందు వైపు బిగిస్తారు. నడిచినా ఊగదు, మోకాళ్ళకు తగలదు. చాలా బృందాల్లో డ్రమ్ము బల్లలా సమంగా ఉంటుంది. ఎడమ అంచు ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు. ఆ వరసలో ఎనిమిది మంది ఉంటే, చాలా స్కూళ్ళలో ఆ ఎనిమిది ఎడమ చేతులూ అరచెయ్యి పైకి తిప్పే ఉంటాయి.